గొట్టం చివరి బుడగ

సీఐ శాలేమురాజు బల్ల మీద ఒక ప్లాస్టిక్ కవరు పెట్టి, దాని పక్కనే టీ గ్లాసు పెట్టుకున్నాడు. కవర్లో ఉన్నది చనిపోయిన మనిషి పొట్టలోంచి తీసిన గొట్టం. ఆయనకు ఎలాంటి వస్తువు పక్కనైనా టీ దిగుతుంది. ఆయన కింద తొమ్మిదేళ్ళు హెడ్ కానిస్టేబులుగా చేసి, ఇక నావల్ల కాదని బయటికొచ్చి డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నవాణ్ణి కాబట్టి ఆ మాట ధీమాగా చెప్పగలను.

“చూసుకోండి డిటెక్టివ్ గారూ. మీ డాక్టరు గారి పనితనం.”

బుధవారం ఉదయం తొమ్మిదీ ముప్పై ఐదు. సాయంత్రంలోగా డాక్టర్ మధుసూదన్‌ని అరెస్టు చేస్తానని ఆయన అప్పటికే రెండుసార్లు చెప్పాడు. ఆ అరెస్టు ఆపడానికే నేను అక్కడ కూర్చున్నాను.

కేసు సంగతి ఇది. వెంకటకృష్ణయ్య గారు కొల్లూరు లంకల్లో అరటి తోటలున్న పెద్ద రైతు. డెబ్బై ఒక్కేళ్ళు. కాపురం తెనాలిలో. నెలన్నర కిందట పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. మాట పోయింది, మింగుడు పోయింది. అలాంటివాళ్ళకు మధుసూదన్ గారు నోట్లోంచి, కొసన కెమెరా ఉండే ఎండోస్కోపు దింపి, లోపలి నుంచి వెలుగు చూపించి, ఆ వెలుగు కనిపించినచోట పొట్ట మీద చిన్న రంధ్రం పెట్టి, నేరుగా జీర్ణాశయంలోకి గొట్టం వేస్తాడు. అందులోంచి రోజుకు ఐదుసార్లు రాగిజావ పోస్తే మనిషి బతుకుతాడు. కృష్ణయ్య గారు అలా పద్దెనిమిది రోజులు బాగానే ఉన్నారు. పందొమ్మిదో రోజు, శనివారం మధ్యాహ్నానికి పొట్ట చెక్కలా బిగుసుకుంది. రాత్రికి గుంటూరులో చేర్చారు. ఆదివారం తెల్లవారేసరికి పోయారు. పోస్టుమార్టంలో తేలిందేమిటంటే, జీర్ణాశయంలో ఉండాల్సిన రాగిజావ దాని బయట, పేగుల చుట్టూ ఉంది.

సోమవారం ఆయన కొడుకు గౌతమ్ నలుగురిని వేసుకొచ్చి ఆసుపత్రి అద్దాలు పగలగొట్టాడు. ఆ తోపులాటలో ఎవడో కుర్చీ విసిరితే డాక్టరు గారి ఎడమచేతి బొటనవేలు విరిగింది. శాలేమురాజు వచ్చి, అద్దాలు పగలగొట్టినవాళ్ళని ఇంటికి పంపించి, ఎండోస్కోపీ గదికి తాళం వేసి సీలు కొట్టాడు. ఆ న్యాయం ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఎండోస్కోపు తలను లోపల తిప్పే చక్రం ఎడమ బొటనవేలి కింద ఉంటుంది. నిన్న నేను ఇంటికి వెళ్ళినప్పుడు డాక్టరు గారు కట్టు కట్టిన ఆ వేలినే చూసుకుంటూ కూర్చున్నాడు. “ఇరవై మూడేళ్ళు బ్రహ్మాజీ. ముప్పై వేలు దాటాయి కేసులు. ఈ వేలు ఇంత కదిపితే మలుపు అవతల ఏముందో కనిపించేది. ఇవాళ చొక్కా బొత్తాం మా ఆవిడ పెట్టింది” అన్నాడు. ఎనిమిదేళ్ళ కిందట మా రేపల్లెలో పెళ్ళి విందులో నా గొంతులో ఇరుక్కున్న చేపముల్లుని ఆ వేలే తీసింది. బెస్తవాడికి ముల్లు గుచ్చుకోవడమేంటని అప్పుడు నన్ను చూసి నవ్వాడు కూడా. మూడు వారాల కిందట మా అక్క గంగరత్నానికి కూడా పక్షవాతమొచ్చి మాటా మింగుడూ పోతే, కృష్ణయ్య గారికి వేసిన వారంలోనే ఆమెకూ గొట్టం వేశాడు. అమ్మ పోయాక ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగి నన్ను చదివించిన అక్క ఆమె. అందుకని ఈ కేసులో నేను నిష్పక్షపాతంగా ఉన్నానని చెప్పుకోను.

కవరు చేతిలోకి తీసుకోబోతుంటే ఫోను మోగింది. అక్క కూతురు పావని.

“మామయ్యా, అమ్మ గొట్టం ఊడిపోయింది. పొద్దున లేచి చూస్తే పక్క మీద ఉంది. రాత్రి ఎప్పుడు ఊడిందో ఏంటో. డాక్టరు గారి ఆసుపత్రికి తాళమేశారంట కదా, ఎక్కడికి తీసుకుపోను? నాన్న బోటు మీద వేటకెళ్ళాడు, ఎల్లుండి గానీ రాడు.”

“కంగారు పడకు. ఒకామె నెంబరు పంపిస్తాను, సాయిసుధ అని. డాక్టరు గారి పేషెంటు ఇంట్లోనే చేసింది. గొట్టాల సంగతి బాగా తెలుసు. తెనాలి నుంచి రైలెక్కి వస్తుంది.”

“పొద్దుటి జావలు రెండూ పోలేదు మామయ్యా. ఒంటిగంటకైనా పొయ్యాలి. డాక్టరు గారికి ఒక మాట చెప్పనా?”

“ఆయనున్న పరిస్థితుల్లో ఇంత చిన్న విషయానికి ఎందుకులే” అన్నాను.

ఆ మాట నేనే అన్నాను. నెంబరు కూడా నేనే పంపాను.

సాయిసుధ కృష్ణయ్య గారిని ఇంట్లో కనిపెట్టుకుని ఉన్న మనిషి. బాపట్లలో ఒక నర్సింగ్ హోములో ఎనిమిదేళ్ళు ఆయాగా చేసింది. నిన్న ఆ ఇంట్లో ఆమెను ప్రశ్నించాను. మెత్తటి మాట, శుభ్రమైన చేతులు, పేషెంటుని ‘మా తాతగారు’ అనే తప్ప పేరు పెట్టి అనలేదు. శనివారం ఆరుంబావుకల్లా ఇంట్లోంచి బయల్దేరి, బాపట్లలో మేనకోడలి ఓణీల ఫంక్షనుకి వెళ్ళింది. ఫోటోల్లో రోజంతా అక్కడే ఉంది. నేను వాళ్ళ బంధువులతో మాట్లాడి సరిచూసుకున్నాను కూడా. తొమ్మిదింటి జావతో గొడవ మొదలైంది కాబట్టి ఆమెను నా లెక్కలోంచి తీసేశాను.

ఫోను జేబులో పెట్టి కవరు ఎత్తి వెలుగులో చూశాను. ఒక్క నిమిషం చాలింది.

“సార్, రంధ్రం తప్పుచోట పెట్టుంటే పద్దెనిమిది రోజులు ఎలా బతికాడు?”

“జారింది. గట్టిగా బిగించలేదు కాబట్టి జారింది.”

“ఏది జారింది? ఇది ఆయన వేసిన గొట్టమే కాదు.”

శాలేమురాజు టీ గ్లాసు కింద పెట్టాడు. నేను ఫోనులో డాక్టరు గారిచ్చిన వీడియో తీశాను. ఆయన ప్రతి కేసూ రికార్డు చేస్తాడు. కృష్ణయ్య గారి పేరు, తారీఖు, టైము పదకొండూ నలభై రెండు, అన్నీ తెర మీదే ఉన్నాయి. ఎర్రటి జీర్ణాశయం గోడకు లోపలి నుంచి గొట్టం కొస అతుక్కుని ఉంది.

“చూడండి. కొసన గుండ్రటి బిళ్ళ, కోటు గుండీ అంత. అదే గొట్టాన్ని బయటికి రానివ్వకుండా పట్టుకుంటుంది. ఇప్పుడు మీ కవరు చూడండి. బిళ్ళ ఎక్కడుంది?”

కవర్లో గొట్టం కొసన బిళ్ళ లేదు. వాలిపోయిన రబ్బరు బుడగ ఉంది. రెండో కొసన బుడగలోకి నీళ్ళెక్కించే చిన్న మూతి.

“ఇది మూత్రానికి వేసే గొట్టం. మా నాన్నకి ఆఖర్లో ఏడాది పాటు ఉంది, నేనే మార్పించేవాణ్ణి. ఏ మందుల షాపులో అడిగినా ఇస్తారు.”

“మీ డాక్టరే మార్చుంటాడు.”

“ఎప్పుడు? శుక్రవారం రేపల్లెలో క్యాంపు. శనివారం బాపట్ల. రెండూ ఇరవైకి కృష్ణయ్య గారి ఇంట్లోవాళ్ళు ఫోను చేస్తే ఎత్తలేదని మీరే రాశారు కదా ఎఫ్ఐఆర్లో. ఎందుకెత్తలేదో అడిగారా? రక్తం కక్కుకుంటున్న ఒక మనిషి గొంతులో ఎండోస్కోపు పెట్టి, చిట్లిన నరానికి రబ్బరు బ్యాండు వేస్తున్నాడు. రెండు చేతులూ దాని మీదున్నాయి. మూడూ ముప్పై ఐదుకి వదిలాడు, ముప్పై ఆరుకి తిరిగి చేశాడు. ఆ మనిషి బతికి బాపట్లలో ఇడ్లీ తింటున్నాడు.”

శాలేమురాజు తెలివితక్కువవాడు కాదు. ఒకసారి రాసింది కొట్టేయడం చేతకాదు, అంతే.

“అయితే ఎవరు మార్చారో పట్టుకురా. ఐదింటి దాకా టైమిస్తున్నా.”

“గది తాళం తీయండి సార్. ఈ చుట్టుపక్కల అలాంటి గది ఇంకోటి లేదు.”

“తీయను.”

లేచి వచ్చేశాను. నా లెక్క ఇలా ఉంది. నిన్న ఆ ఇంట్లో జావ పోసిన టైములు రాసే చార్టు చూశాను. శనివారం ఆరింటి దగ్గర టిక్కు ఉంది. తొమ్మిదింటి జావతో ఆయనకు బాధ మొదలైంది. అంటే గొట్టం మారింది ఆరుకీ తొమ్మిదికీ మధ్య. ఆ టైములో ఇంట్లో ఉన్నది ఇద్దరే, భార్య మాణిక్యాంబ గారు, కొడుకు గౌతమ్. గౌతమ్ మీదే నా కన్ను పడింది. తండ్రి పోయిన మర్నాడే కుర్చీలు విసిరే ఓపికున్నవాడి మీద కన్ను పడకపోతే ఇంకెవరి మీద పడుతుంది.

అతను కొల్లూరు బయల్దేరేదాకా వీధి చివర టీ కొట్లో కూర్చున్నాను. పన్నెండూ ఐదుకి కారు వెళ్ళింది. పన్నెండూ ఎనిమిదికి గేటు తీశాను.

మాణిక్యాంబ గారు నన్ను చూసి లేవబోయి, మోకాలు పట్టుకుని మళ్ళీ కూర్చుంది. “గౌతమ్ లేడు నాయనా.”

“తెలుసమ్మా. గది ఇంకొక్కసారి చూసి వెళ్తాను.”

గదిలో ఇనప మంచం, దానికి రెండు పక్కలా పట్టీలు. పరుపు తీసేశారు. కిటికీలో ఒక పెద్ద సిరంజి, స్టీలు గ్లాసు బోర్లించి ఉన్నాయి. మంచం కాళ్ళవైపు పైకప్పు కొక్కేనికి చక్కెరకేళి గెల వేలాడుతోంది. బాగా మగ్గి నల్లబడుతోంది. ఒక్క పండు కూడా ఎవరూ కోసుకోలేదు. గది నిండా ఆ వాసన.

ఎడమ పట్టీ మీద ఒకచోట రంగు లేచి ఉంది. గీసుకుపోయినట్టు కాదు, అరచెయ్యంత మేర నలిగిపోయినట్టు. చార్టు గోడకే ఉంది, పాత క్యాలెండరు కాగితం వెనక్కి తిప్పి గీసింది. నిన్న నేను టిక్కులు చూసి వెళ్ళాను. ఇవాళ కుర్చీ లాక్కుని కూర్చుని ఒక్కొక్క గడీ చదివాను. సాయిసుధ పద్ధతి గల మనిషి. ప్రతి టిక్కు పక్కనా ఎంత పోసిందో రాసింది. రెండొందలు, రెండొందలు, నూట యాభై, వాంతి వచ్చింది, మళ్ళీ రెండొందలు. పద్దెనిమిది రోజులూ ఒక్క గడీ వదల్లేదు.

శనివారం ఆరింటి గడిలో మాత్రం టిక్కు ఉంది, అంకె లేదు.

అబద్ధం రాయమంటే టిక్కు పెట్టగలిగింది గానీ, పొయ్యని జావకు కొలత రాయడానికి ఆమెకు చెయ్యి రాలేదు. నా లెక్క అక్కడే కూలిపోయింది. ఆరింటికి జావ పోయలేదు. అంటే ఆరింటికే గొట్టం ఊడి ఉంది. సాయిసుధ రైలెక్కడానికి ముందు జరిగింది అదంతా.

బయటికొచ్చి మాణిక్యాంబ గారి ఎదురుగా నేల మీదే కూర్చున్నాను.

“అమ్మా, శనివారం పొద్దున ఆరింటికి జావ పోయలేదు కదా.”

ఆవిడ చీర చెంగు వేలికి చుట్టుకుంది.

“డాక్టరు గారిని సాయంత్రం తీసుకెళ్తున్నారమ్మా. ఆయన వేలు కూడా విరిగింది. చేసింది ఆయన కాదని మీకు తెలుసు.”

“గౌతమ్‌తో చెప్పకు నాయనా.”

“ముందు నాకు చెప్పండి.”

ఆవిడ లేచి లోపలికి వెళ్ళింది. బీరువా తలుపు చప్పుడైంది. మగవాళ్ళ చేతిరుమాలొకటి తెచ్చి నా చేతిలో పెట్టింది. విప్పితే లోపల గొట్టం, కొసన గుండ్రటి బిళ్ళ. శుభ్రంగా కడిగి ఉంది.

“ఆయనే లాక్కున్నారు” అంది. “ఎడం చెయ్యి బాగానే ఉండేదిగా. ఆసుపత్రిలో ముక్కులో గొట్టం పీక్కుంటున్నారని ఆ చేతిని మంచానికి కట్టేశారు నాయనా, గుడ్డతో. పదకొండు రోజులు. కళ్ళల్లోంచి నీళ్ళు కారి చెవుల్లోకి పోతుండేవి, తుడుచుకోను చెయ్యి లేదు. యాభై ఏళ్ళు లంకలో అరిటి పిలకలు నాటిన చెయ్యి. ఇంటికెళ్ళాక నీ చెయ్యి ఎవరినీ కట్టనివ్వను అని ఒట్టేశాను. శుక్రవారం సాయంత్రం తోటలోంచి గెల వచ్చింది. ఆయన ముందుకే రావాలి ఏటా మొదటి గెల. కొక్కేనికి కట్టించాను. రాత్రంతా దాన్నే చూశారు. నాకు ఐదింటికి మెలకువొచ్చి చూస్తే గొట్టం ఆయన చేతిలో ఉంది, చూపు గెల మీదుంది.”

నలభై రోజులుగా నాలుక మీద ఏమీ పడని మనిషి ఆ వాసనలో పడుకుని ఏమనుకున్నాడో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు.

“డాక్టరుకి చెప్తే చెయ్యి కట్టమంటాడని భయపడ్డాను. సుధ అంది, నేను పెడతానమ్మా, బాపట్లలో డాక్టర్లు పెడుతుంటే బోల్డన్నిసార్లు చూశాను అని. గౌతమ్ లేవకముందే పరిగెత్తుకెళ్ళి, తెల్లవార్లూ తెరిచుండే మందుల షాపులోంచి గొట్టం తెచ్చింది. కాస్త ఇబ్బంది పడింది పాపం. నెట్టాల్సొచ్చింది. నీళ్ళు పోసి చూసింది, పోయినయ్. ఫంక్షనుకి పోవాల్సిన పిల్ల, ఆలస్యమైపోతోందని నేనే పంపేశాను. టిక్కు కూడా నేనే పెట్టమన్నాను.”

“తొమ్మిదింటికి?”

“నేనే పోశాను, గ్లాసు నిండా. పొయ్యగానే ఆయన పట్టీ మీద అరచేత్తో కొట్టడం మొదలెట్టారు. టపటపా, ఆగకుండా. మాట లేదుగా, ఏం కావాలన్నా అలానే కొట్టేవారు. పొద్దుటిది పొయ్యలేదు కదా, ఆకలేమో అనుకున్నాను.” ఆవిడ గొంతు తగ్గింది. “ఇంకో గ్లాసు కలిపి పోశాను.”

టైము పన్నెండూ ముప్పై నాలుగు.

“నేను చేసినదాంట్లో తప్పేమన్నా ఉందా నాయనా? ఒంట్లో గొట్టం లేకపోతే ఆకలికి పోతారని పెట్టించాను.”

డాక్టరు గారిని అడిగి చెప్తానమ్మా అని, పెరట్లోకి వెళ్ళి ఫోను చేశాను. నిజంగా నాకూ తెలియదు. గొట్టం ఊడితే ఇంకో గొట్టం పెట్టారు, అందులో చచ్చిపోయేదేముంది అనే అనుకుంటున్నాను అప్పటికి.

మధుసూదన్ గారు విషయం మొత్తం విన్నాడు.

“కొత్తగా పెట్టిన దారి నెల దాటితే గానీ గట్టిపడదు బ్రహ్మాజీ. అంతవరకు జీర్ణాశయాన్ని పొట్టగోడకు ఆనించి పట్టుకునేది ఆ బిళ్ళ ఒక్కటే. అది ఊడిందా, జీర్ణాశయం లోపలికి జారిపోతుంది, గంటల్లో దారి మూసుకుంటుంది. ఆ తర్వాత ఎవరన్నా నెడితే గొట్టం పక్కన ఇంకో దారి చేసుకుని పోతుంది. పైకి ఏమీ తెలియదు. నీళ్ళు పోస్తే పోతాయి, జావ పోస్తే పోతుంది. ఎక్కడికి పోయిందో లోపలికి వెళ్ళి చూస్తే గానీ తెలియదు. అందుకే ఊడితే ఎవరూ ముట్టుకోకుండా తీసుకురమ్మని డిశ్చార్జి కాగితంలో రాసిస్తాం. మూడో పేజీలో. ఇంగ్లీషులో.” ఆయన ఆగాడు. “తెలుగులో వేయించాలని పదేళ్ళుగా అనుకుంటున్నాను.”

పెరట్లో ఎండ మండుతోంది. నా చెవి దగ్గర ఫోను తడిసిపోయింది.

“సార్. మా అక్క గొట్టం రాత్రి ఊడింది.”

“ఎవరన్నా పెట్టారా?”

“పొద్దున పావని ఫోను చేసింది. నేనే మనిషిని పంపించాను.”

“ఎవర్ని?”

“సాయిసుధని.”

అటువైపు కుర్చీ జరిగిన చప్పుడు. “టైమెంత? ఒంటిగంట జావ ఇంకా పోయలేదు కదా? విను. ఏమీ పొయ్యకముందైతే భయం లేదు. గొట్టం అలాగే ఉంచి గుంటూరు తీసుకెళ్ళమను. ఒక గ్లాసు పోసి ఉంటే వెంటనే తీసుకెళ్ళి పొట్ట కడిగించాలి, బతికే అవకాశముంది. రెండో గ్లాసు కూడా పోస్తే...”



“మీ దగ్గరికే తీసుకొస్తాను సార్. గంట దారి.”

“తీసుకొచ్చి ఏం చెయ్యను బ్రహ్మాజీ? గదికి తాళం. వేలికి కట్టు. గుంటూరుకే తీసుకెళ్ళమను. నేనక్కడికి ఫోను చేస్తాను. ముందు మీ పిల్లకి చెయ్యి.”

పన్నెండూ నలభై ఆరు. పావని ఫోను మోగి మోగి ఆగింది. నలభై ఏడు, మళ్ళీ. నలభై తొమ్మిది, మళ్ళీ. సాయిసుధది స్విచ్చాఫ్. బావ పోతురాజు సముద్రం మీద ఎక్కడున్నాడో. అక్క వాళ్ళ పక్కింటివాళ్ళ నెంబరు నా దగ్గర లేదు. డిటెక్టివ్‌నని బోర్డు కట్టుకుని ఊరందరి నెంబర్లూ సంపాదించినవాణ్ణి, అక్క పక్కింటి నెంబరు ఎప్పుడూ అడగలేదు.

ఇక మిగిలింది ఒక్కడే.

“ఏంటి, దొరికాడా?” అన్నాడు శాలేమురాజు.

“సార్, రేపల్లె స్టేషన్‌కి ఒక్క ఫోను చెయ్యండి. ఒక కానిస్టేబుల్ని మా అక్క ఇంటికి పంపించండి. ఆమెకి జావ పొయ్యొద్దని చెప్పాలి, అంతే.”

“ఏంటి?”

చెప్పాను. తడబడుతూ, ముందుది వెనకా వెనకది ముందూ చేసి చెప్పాను. తొమ్మిదేళ్ళలో నేనాయన్ని ఏదీ అడగలేదు. ఎగతాళి చేస్తాడనుకున్నాను. చేయలేదు.

“ఇల్లెక్కడ?” అన్నాడు. చెప్పాను. “ఉండు.” రెండు నిమిషాల తర్వాత ఆయనే తిరిగి చేశాడు. “అందరూ బందోబస్తులో ఉన్నారు. ఒకతన్ని మళ్ళించాను, బండి మీద వస్తున్నాడు. పావుగంట పట్టొచ్చు.” కాస్త ఆగి, “ఆ గది తాళం నా జేబులోనే ఉంది బ్రహ్మాజీ” అన్నాడు.

పొద్దున అది తీసి ఉంటే మధుసూదన్ గారు కూర్చుని, పక్కన ఇంకొకరి చేత చేయించినా, అక్క తెనాలి వచ్చేది. ఆ సంగతి ఆయనకూ తెలిసింది. నేను ఆయన్ని తిట్టలేకపోయాను, ఎందుకంటే నెంబరు పంపింది ఆయన కాదు.

పన్నెండూ యాభై ఎనిమిది నుంచి ఒంటిగంటా ఐదు దాకా పావనికి తొమ్మిదిసార్లు చేశాను. రేపల్లెకు బయల్దేరుదామని గేటు దాకా వెళ్ళి, వెళ్ళి ఏం చేస్తానని వెనక్కొచ్చాను. మాణిక్యాంబ గారు గుమ్మంలో నిలబడి నన్నే చూస్తోంది. డాక్టరు గారు ఏమన్నారని ఆవిడ అడగలేదు.

ఒంటిగంటా ఎనిమిదికి ఫోను మోగింది. కంగారులో నా వేలు తగిలి స్పీకరు ఆన్ అయింది.

“మామయ్యా, ఇన్నిసార్లు చేశావేంటి? ఫోను లోపల ఛార్జింగులో పెట్టాను. నువ్వు పంపిన సుధక్క భలే మనిషి. అంత ఊడిపోయినదాన్ని ఓపిగ్గా పెట్టేసింది. రైలు టైమైందని ఇప్పుడే పోయింది. అమ్మకి జావ కూడా పోసేశాను, గ్లాసు నిండా.”

“పావనీ, ఇంకొక్క చుక్క కూడా పొయ్యకు. వెంటనే అమ్మని...”

“హలో? మామయ్యా? వినపడట్లా.”

“పావనీ!”

“హలో? సిగ్నలు లేదో ఏంటో. ఉండు, అమ్మ పిలుస్తోంది.”

ఫోను ఎక్కడో పెట్టిన చప్పుడైంది. కిటికీ దిమ్మ మీద అనుకుంటాను, అక్క మంచం పక్కనే. పెట్టేసింది గానీ కట్ చేయలేదు. నేను అరుస్తూనే ఉన్నాను. నా మాట అటు పోవడం లేదు, అటు చప్పుళ్ళు మాత్రం ఇటు చక్కగా వినిపిస్తున్నాయి.

చెక్క మీద అరచెయ్యి. టప, టప, టప. ఆగి, మళ్ళీ టపటపా.

“ఉండమ్మా, ఉండు” అంటోంది పావని. “పొద్దుటి నుంచీ ఏమీ లేదుగా, ఆకలి ఎక్కడ తీరుద్ది ఒక్క గ్లాసుకి? ఇంకోటి కలుపుతున్నా.”

గ్లాసులో చెంచా తిరుగుతోంది.

మాణిక్యాంబ గారు మెట్లు దిగి వచ్చింది. ఆవిడ ఆ చప్పుడు విన్నది. ఇంకెవరూ చెప్పక్కర్లేకుండా ఆవిడకు అంతా అర్థమైంది. ఆవిడ ముఖం నా వైపు లేదు, నా చేతిలోని ఫోను వైపు ఉంది. ఇద్దరి మధ్యా ముప్పై కిలోమీటర్లకు పైనే ఉన్నా రేపల్లెలో ఆ పిల్ల ఎదురుగా నిలబడినట్టు, నెమ్మదిగా చెప్పింది.

“ఆకలి కాదమ్మా. అది ఆకలి కాదు.”

అటువైపు చెంచా చప్పుడు ఆగింది. గ్లాసు ఎత్తినట్టుంది.